బాపు మస్టరు, నా బ్యాడ్జి

2025 దసరాకు గోదావరిఖని పోయినప్పుడు మా కాక కొడుకు, వరుసకు నా తమ్ముడు, ఫోన్‌లో ఒక వార్త చూపించాడు. సింగరేణి బొగ్గు కంపెనీ లాభాల్లో 34 శాతం కార్మికులకు వాటా. మొత్తం 819 కోట్లు. ఒక్కో పర్మినెంటు కార్మికుడికి సగటున 1,95,610 రూపాయలు. వేలితో కొంచెం కిందికి జరిపాడు. కాంట్రాక్టు కార్మికులకు 5,500.

"పోయినేడు ఐదువేలు అన్నా. ఈసారి ఐదొందలు పెంచిన్రు. పెరిగిన పైసలకు కిలో మటన్ గూడ రాదు," అని నవ్వాడు. వాడు ఓపెన్‌కాస్టులో, అంటే పైనుంచే తవ్వే గనిలో, ఒక కాంట్రాక్టరు కింద పనిచేస్తాడు. ముప్పై తొమ్మిదేళ్లు బొగ్గు పని చేసి 2017లో రిటైరైన మా బాపు పక్కనే కుర్చీలో ఉన్నాడు. విన్నాడు, ఏమీ అనలేదు. రిమోటు తీసుకుని టీవీ చానెల్ మార్చాడు.

యూనియన్ గురించి ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే నాకు కోపం వస్తుంది. నేనీరోజు హైదరాబాదులో ఫ్లాటు కొనుక్కుని, పిల్లను మంచి బడిలో చదివించుకుంటున్నానంటే దానికి మూలం బాపు గని మీద జరిగిన గేట్ మీటింగులు. అందులో నాకు అనుమానం లేదు. కానీ ఆ మీటింగులు మా తమ్ముడి గుమ్మం దాకా వచ్చి ఎందుకు ఆగిపోయాయో ఇప్పటికీ మింగుడుపడడం లేదు. ఈ రెండు సంగతులూ కలిపి రాయాలని నెలన్నరగా కూర్చుంటున్నాను, లేస్తున్నాను.

ఉద్దెర బంద్ అయిన రోజులు

బాపు మంథని దగ్గరి పల్లె నుంచి 1978లో వచ్చి బొగ్గు నింపే బదిలీ ఫిల్లరుగా చేరాడు. బదిలీ అంటే రోజూ గని మీదికి పోవాలి. ఎవరైనా నాగా పెడితే పని, అందరూ వస్తే సద్ది గిన్నెతో తిరిగి ఇంటికి. ఏడాదిలో గని లోపల 190 మస్టర్లు, అంటే హాజరులు, నిండితేనే పర్మినెంటు లెక్కలోకి వస్తాడు. కొత్తగా కాపురానికి వచ్చిన అమ్మ గోడ మీద బొగ్గు ముక్కతో మస్టర్లు గీసి పెట్టుకునేదట. ఇంటాయన తాగొచ్చిన రోజులు లెక్కపెట్టుకునే ఆడవాళ్లున్న కాలనీలో తాను మస్టర్లు లెక్కపెట్టుకున్నానని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటుంది.

1981లో 56 రోజుల సమ్మె. చట్టవిరుద్ధంగా ఒక రోజు సమ్మె చేస్తే ఎనిమిది రోజుల జీతం కోస్తామన్న నిబంధన మీద మొదలైంది. ఆ సమ్మె గురించి రాజకీయం తెలిసినవాళ్లు ఒక తీరుగా చెబుతారు, మా అమ్మ ఒక తీరుగా చెబుతుంది. రెండో వారంలో కిరాణం సేటు ఉద్దెర బంద్ చేశాడు. మూడో వారంలో తాత ఊరి నుంచి ఎడ్లబండి మీద బియ్యం, కందులు తెచ్చి దించాడు. నెల దాటాక పుస్తెలతాడులోని గుండ్లు కుదువకు పోయాయి. "మీ బాపు మాత్రం రోజూ పొద్దుగాల్నే తయారై మీటింగుకు పోయెటోడు, డ్యూటీకి పోయినట్టే" అంటుంది. ఆ గుండ్లు విడిపించుకోవడానికి రెండేళ్లు పట్టింది.

ఇంత కష్టానికి ఏమొచ్చిందని అడిగితే ఒక్క సమ్మెకు ఒక్క ఫలితం అని చూపించలేను. వచ్చింది మెల్లగా, మూటలు మూటలుగా వచ్చింది. బొగ్గు కార్మికుల జీతాలను జాతీయ స్థాయిలో సంఘాలు, యాజమాన్యాలు కూర్చుని ఖరారు చేసే పద్ధతి 1975 నుంచి ఉంది. పదకొండో వేతన ఒప్పందమే చూడండి. 2023 మేలో సంతకాలయ్యాయి, ఐదేళ్లకు 19 శాతం పెంపు. ఈ ఐదేళ్లు అన్న మాటలోనే అసలు సంగతి ఉందని నా నమ్మకం. వచ్చే ఏడాది జీతం ఎంతో తెలిసినవాడు చిట్టీ వేస్తాడు. ఎల్‌ఐసీ పాలసీ కడతాడు. కొడుకును హన్మకొండలో హాస్టల్లో పెట్టి ఇంటర్ చదివిస్తాడు, రెండో ఏడాది ఫీజు ఎక్కడి నుంచి వస్తుందో భయం లేకుండా. జ్వరమొస్తే కంపెనీ ఆసుపత్రి ఉంది కాబట్టి ఆ ఫీజు డబ్బు ఆసుపత్రి పాలు కాదు. ఉండడానికి క్వార్టర్ ఉంది కాబట్టి కిరాయి పాలు కాదు.

నాకు ఎంసెట్‌లో ర్యాంకు వచ్చినప్పుడు అది నా తెలివే అనుకున్నాను. లెక్కల్లో నాకన్నా చురుకైనవాడు ఒకడు పదో తరగతి దాకా నా పక్క బెంచీలో కూర్చునేవాడు. వాళ్ల నాన్న హమాలీ. పది కాగానే వాడు లారీ మీద క్లీనరుగా పోయాడు. తేడా ఎక్కడుందో అర్థం కావడానికి నాకు ముప్పై ఏళ్లు దాటాల్సి వచ్చింది.

బొగ్గు గొప్పా, యూనియన్ గొప్పా?

ఈ మాట ఒక స్నేహితుడితో అంటే, "బొగ్గు ఉంది, సర్కారు కంపెనీ, పైసలొచ్చాయి, పంచారు. యూనియన్ చేసిందేముంది?" అన్నాడు. కొట్టిపారేసే మాట కాదు. కాకపోతే బొగ్గు కొత్తగా పుట్టింది కాదు కదా. ఇల్లెందులో 1889 నుంచి తవ్వుతూనే ఉన్నారు. ఎన్నో ఏళ్లు అదే బొగ్గును తట్టల్లో మోసినవాళ్లు గుడిసెల్లోనే పుట్టి గుడిసెల్లోనే పోయారు. బొగ్గు పైసలు బొగ్గు తవ్వినవాడి ఇంటికి రావాలంటే మధ్యలో ఎవరో గట్టిగా అడగాలి.

అసలు ఇబ్బంది పెట్టే ప్రశ్న వేరే ఉంది, దాన్ని వేసింది మా బాపే. తొంభైల్లో సింగరేణిలో లెక్కకు మించిన సంఘాలు. దేనికి సమ్మె చేస్తున్నారో చేసేవాళ్లకే తెలియని రోజులు. "క్యాంటీన్ల చాయ్ సల్లగున్నదని షిఫ్టు బంద్ వెట్టిన్రు. నేను గూడ బయటికొచ్చిన. రాకుంటే మనోడు కాదంటరు" అని చెబుతూ నవ్వుతాడు, కొంచెం సిగ్గుపడతాడు కూడా. ఆ దశకంలో కంపెనీ రెండుసార్లు ఖాయిలా పడి, అలాంటి సంస్థల వ్యవహారం చూసే బీఐఎఫ్‌ఆర్ గడప తొక్కింది. తప్పంతా సమ్మెలదే అనను, బొగ్గు ధర నిర్ణయం మొదలు సవాలక్ష కారణాలున్నాయి. కానీ సమ్మెల వాటా లేదనడం కూడా అబద్ధమే.

1998లో రహస్య ఓటింగుతో గుర్తింపు సంఘం ఎన్నికలు పెట్టారు. గెలిచిన సంఘమే యాజమాన్యంతో మాట్లాడాలి, ఓడినవాళ్లు వచ్చే ఎన్నికల దాకా ఓపిక పట్టాలి. చిల్లర సమ్మెలు తగ్గాయి. లాభాల్లో వాటా పది శాతంతో మొదలై 2025లో 34కు చేరింది ఆ తర్వాతే. యూనియన్లు ఎక్కువైతే కార్మికుడికి బలం పెరుగుతుందని చిన్నప్పుడు అనుకునేవాడిని. ఇప్పుడు నాకు ఓటు పెట్టె మీద నమ్మకం, జెండాల సంఖ్య మీద అనుమానం.

అలాగని ఎన్నికల తర్వాత అంతా పాలు తేనె అయిపోలేదు. పైరవీ అనే మాట నేను బడికి పోకముందే నేర్చుకున్నాను. మంచి క్వార్టర్ కావాలంటే పైరవీ. గని లోపలి నుంచి సర్ఫేస్ మీద పని కావాలంటే పైరవీ. ఎన్నికలొస్తే విందులు, కండువాలు మార్చడాలు. రాష్ట్రంలో ఏ గాలి వీస్తే గని మీద ఆ జెండా ఎగరడమూ చూశాం. టీఆర్‌ఎస్ అనుబంధ సంఘం టీబీజీకేఎస్ 2012లో, 2017లో గెలిచింది. 2023 డిసెంబరులో ప్రభుత్వం మారిన నెలలోనే, కాంగ్రెస్‌తో పొత్తులో ఉన్న సీపీఐ సంఘం ఏఐటీయూసీ గెలిచింది. బాపు ఎవరికి ఓటేసేవాడో ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. గని మీది యూనియన్ నాయకులైన పిట్ కార్యదర్శులను తిట్టడం మాత్రం ప్రతి రాత్రి అన్నం దగ్గర వినేవాళ్లం. తిడుతూనే నెలనెలా చందా కట్టేవాడు.

గాజు గది

2023లో నేను పనిచేస్తున్న కంపెనీలో (పేరు అనవసరం, హైటెక్ సిటీలో ఏ అద్దాల మేడనైనా ఊహించుకోండి) మా టీంలో ఒకతన్ని సోమవారం పదకొండింటికి గాజు గదిలోకి పిలిచారు. హెచ్‌ఆర్ నుంచి ఇద్దరు, మేనేజర్ ఒకడు. బయటి నుంచి మాకంతా కనిపిస్తుంది, వినిపించదు. ఇరవై నిమిషాల తర్వాత బయటికొచ్చి నీళ్ల సీసా, చార్జరు బ్యాగులో వేసుకున్నాడు. రాజీనామా ఇస్తే రెండు నెలల జీతం, ఇవ్వకపోతే తీసేసినట్టు రికార్డులో రాస్తాం, ఇప్పుడే చెప్పు అన్నారట. ఆలోచించుకోవడానికి ఒక్క రోజు అడిగితే లేదన్నారట. ఈ సంగతులు మాకు రాత్రి వాట్సాప్‌లో తెలిశాయి. అతను సామాను సర్దుకుంటున్నప్పుడు నేను స్క్రీన్ మీద ఏదో కోడ్ పైకీ కిందికీ తిప్పుతూ కూర్చున్నాను. ఆ రోజు తిప్పిన ఫైలు పేరు ఇంకా గుర్తుంది.

ఆ వారాంతం బాపుకు ఫోన్‌లో చెప్పాను. ఆయన మొదట అడిగింది జీతం గురించి కాదు. "ఆ పిలగాని దిక్కుకెళ్లి గదిలకు ఎవలు పోయిన్రు?" ఎవరూ పోరు బాపూ, మా దగ్గర అట్లా ఉండదు అన్నాను. కాసేపు ఆగి, "చార్జిషీటు ఇచ్చిన్రా?" అన్నాడు. లేదన్నాను. "మరి ఏ లెక్కన తీసేసిన్రు?" నా దగ్గర జవాబు లేదు. బాపు గనిలో ఒకడు తాగి డ్యూటీకి వచ్చి దొరికిపోయినా, చార్జిషీటు వచ్చేది, జవాబు రాసుకోవడానికి గడువుండేది, విచారణలో పక్కన తోటి కార్మికుడు కూర్చునేవాడు. మా టీమ్మేటు తాగలేదు, దొంగతనం చేయలేదు. జీతం మాత్రం బాపు చివరి జీతానికి రెండింతలు.

మధ్యతరగతి అంటే జీతం అంకె అని మా తరం అనుకుంటోంది. ఇరవై ఏళ్ల హోమ్‌లోను తీసుకుని, ఇరవై నిమిషాల్లో పోయే ఉద్యోగం చేస్తున్నాం. బాపు జీతం చిన్నది, కానీ ఆయన పదేళ్ల అవతలికి చూడగలిగాడు. నేను వచ్చే అప్రైజల్ అవతలికి చూడలేను.

"ఐటీ వాళ్లు వర్క్‌మన్ (కార్మిక చట్టం లెక్కలో కార్మికుడు) కిందికి రారు" అనే మాట మా ఆఫీసులో అందరికీ ఎవరో పాలతో పట్టినట్టు వచ్చు. చట్టం చూసేది హోదా పేరును కాదు, చేసే పనిని అని చెబితే నమ్మరు. బెంగళూరులో ఐటీ ఉద్యోగులు 2017లోనే యూనియన్ పెట్టుకున్నారు. 2024లో పద్నాలుగు గంటల పని ప్రతిపాదన వచ్చినప్పుడు రోడ్డెక్కారు కూడా. మన దగ్గర 2025 జులైలో వాణిజ్య సంస్థల్లో రోజుకు పది గంటల దాకా, వారానికి 48 మించకుండా పని చేయించుకోవచ్చని జీవో వచ్చింది. మా ఫ్లోర్ మీద ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. పది గంటలకన్నా తక్కువ పనిచేసేవాళ్లు అక్కడ ఎవరైనా ఉంటే కదా!

మా అపార్ట్‌మెంట్ గ్రూపు

2019లో తెలంగాణ ఆర్టీసీ సమ్మె జరిగింది. అక్టోబరు 5న మొదలై 52 రోజులు, 48 వేల మంది. అప్పుడు మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో జరిగిన చర్చ స్క్రీన్‌షాట్లు దాచుకున్నాను. "డ్రైవర్లకు అంత జీతం అవసరమా", "అందరినీ తీసేసి కొత్తవాళ్లను పెట్టాలి", "ప్రైవేటుకిస్తే సమయానికి వస్తాయి". రాసినవాళ్లలో ఒకాయన తండ్రి కండక్టరు. ఒకామె తండ్రి రైల్వేలో గ్యాంగ్‌మన్. ఇంకొకాయన భెల్ టౌన్‌షిప్‌లో పుట్టి పెరిగినవాడు. దసరా ముందు బస్సులు ఆపడం నాకూ నచ్చలేదు, ఒప్పుకుంటాను. అయినా మనల్ని బడికి పంపిన జీతాల వెనక ఏ జెండా ఉందో ఒక్కసారి ఇంట్లో అడగండి అని టైపు చేశాను. పంపలేదు, చెరిపేశాను. గాజు గది ముందు కూర్చున్నవాడినీ నేనే కదా.

ఆ సమ్మె ఓడిపోయింది. ఆర్టీసీని ప్రభుత్వంలో విలీనం చేయాలని అడిగారు, అది రాకుండానే డ్యూటీల్లో చేరారు. కొద్ది రోజులకే ముఖ్యమంత్రి కార్మికులను ప్రగతి భవన్‌కు పిలిచి, పదవీ విరమణ వయసు 60కి పెంచుతామన్నారు, యూనియన్లు మాత్రం రెండేళ్ల దాకా వద్దన్నారు. సరిగ్గా అప్పుడే ఆంధ్రలో సమ్మె జరగకుండానే 2020 జనవరి 1 నుంచి ఆర్టీసీ ఉద్యోగులను ప్రభుత్వంలో కలిపేశారు. మరి యూనియన్ బలం ఎక్కడుంది, ఓటు బలమే గొప్పదా అని చాలా రోజులు ఆలోచించాను. ఆంధ్రలో ఎన్నికల ముందు విలీనం హామీ ఇవ్వాలని ఒక నాయకుడికి తోచిందంటే, దాని వెనక సంఘాలు ఏళ్ల తరబడి అదే పాట పాడి ఉండటం ఉందని సర్దిచెప్పుకుంటాను. పూర్తిగా నమ్మకం కుదిరిందని చెప్పలేను.

ఓటు లేనివాడు

మళ్లీ ఆ 5,500 దగ్గరికి వస్తాను.

తొంభైల మొదట్లో సింగరేణిలో లక్ష మందికి పైగా పర్మినెంటు కార్మికులుండేవారు. ఇప్పుడు నలభై వేల చిల్లర. బొగ్గు మాత్రం అప్పటికన్నా మూడు రెట్ల దాకా తీస్తున్నారు. 2024-25లో 69 మిలియన్ టన్నులు. భూగర్భ గనులు తగ్గి ఓపెన్‌కాస్టులు పెరిగాయి, మట్టి ఎత్తే పని కాంట్రాక్టర్లకు పోయింది. మా తమ్ముడిలాంటి కాంట్రాక్టు కార్మికులు ముప్పై వేల దాకా ఉన్నారు. గుర్తింపు సంఘం ఎన్నికల్లో వాళ్లకు ఓటు లేదు. ఓటు లేని చోట బేరంలో వాళ్ల మాట చివరి పేజీలోకి పోతుంది. లాభాల్లో పర్మినెంటు వాటా రెండు లక్షలకు చేరువైన రోజున, కాంట్రాక్టు వాటా ఐదున్నర వేల దగ్గర ఎందుకుందో దీంట్లో నాకు సగం జవాబు దొరికింది. 2024లో తొలిసారి ఆ ఐదు వేలైనా ఇచ్చారు, అంతకుముందు అదీ లేదు.

మిగతా సగం జవాబు మా ఇంట్లోనే ఉంది. కాక కూడా బాపుతో పాటే గనిలో పనిచేశాడు. గోల్డెన్ షేక్‌హ్యాండ్ (స్వచ్ఛంద పదవీ విరమణ) వచ్చినప్పుడు పైసలు తీసుకుని బయటికొచ్చాడు. ఇద్దరు ఆడపిల్లల పెళ్లిళ్లకు అవి సరిపోయాయి, అంతే. కొడుకు పెద్దయ్యేసరికి వారసత్వ ఉద్యోగాల గొడవ నడుస్తోంది. ఆపేశారు, మళ్లీ తెస్తామన్నారు, 2017లో హైకోర్టు కొట్టేసింది, తర్వాత కారుణ్య నియామకాల పేరుతో వచ్చాయి. ఎప్పుడో బయటికొచ్చిన కాకకు ఏదీ వర్తించలేదు. ఇరవై ఏళ్లుగా సంఘాల అతిపెద్ద డిమాండు ఈ వారసత్వమే. తండ్రిగా ఆలోచిస్తే న్యాయంగానే కనిపిస్తుంది, గనిలో ఊపిరితిత్తులు పాడుచేసుకున్నవాడు కొడుక్కి పని అడగడంలో తప్పేముంది? కానీ ఓపెన్‌కాస్టు కింద భూమి పోయి, ఇంట్లో గని కార్మికుడు లేని పల్లె పిల్లగాడు ఏ వరుసలో నిలబడాలి? పర్మినెంటు కొలువు కొన్ని ఇళ్లలో ఆస్తిలా తిరుగుతుంటే దానికి కాపలా కాసే సంఘం కొత్తగా ఎవరిని పైకి తెస్తుంది?

అలాగని సంఘాలు కాంట్రాక్టు వాళ్ల కోసం అసలు ఏమీ చేయలేదంటే అన్యాయం. 2022 సెప్టెంబరులో కాంట్రాక్టు కార్మికులు రెండు వారాలకు పైగా సమ్మె చేసినప్పుడు వెనక నిలబడ్డవి ఆ ఎర్రజెండా సంఘాలే. మా తమ్ముడు అందులో ఉన్నాడు. టెంటులో కూర్చున్న తమ పక్క నుంచే పర్మినెంటు వాళ్ల బండ్లు షిఫ్టుకు పోతుంటే ఎట్లా అనిపించేదో వాడు చెప్పడు. "మన శీనన్న గూడ పోయిండు" అని మాత్రం ఒకసారి అన్నాడు. శీనన్న మా వరుసకు అన్న, పర్మినెంటు.

2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. సంఘాలు ఎక్కువుంటే, సంస్థ మస్టర్ రోల్‌లో 51 శాతం మంది మద్దతున్నదే ఏకైక బేరమాడే సంఘం అంటున్నాయి. వినడానికి బాగానే ఉంది. మా తమ్ముడి పేరు ఉన్నది కాంట్రాక్టరు మస్టరులో. అందుకే నా కోరిక ఒక్కటే, ఎంత అమాయకంగా ఉన్నా రాస్తున్నాను: గుర్తింపు సంఘం ఎన్నికల్లో కాంట్రాక్టు కార్మికుడికీ ఓటుండాలి. ఓటుంటే నాయకులు వాడి టెంటు దగ్గర బండి ఆపుతారు. పర్మినెంటు వాళ్లకు కొంత నష్టం జరగొచ్చు, వాటా పలచబడొచ్చు. ఈ మాట బాపుతో అన్నాను. "నేను సర్వీసుల ఉన్నప్పుడు అడిగితే ఒప్పుకోకపోదును" అన్నాడు. ఆయన నిజాయితీకి నాకు ముచ్చటేసింది, దిగులూ వేసింది.

హైదరాబాదు బయల్దేరే ముందు రోజు రాత్రి తమ్ముడు ఒక తెల్లకాగితం పట్టుకుని వచ్చాడు. వాళ్ల కాంట్రాక్టరు రెండు నెలల పీఎఫ్ కట్టలేదట, వినతిపత్రం రాయాలి, నాకు రాత బాగుంటుందని. రాశాను. కింద సంతకాల కోసం ఒకటి, రెండు, మూడు అని వరుస అంకెలు వేస్తుంటే బాపు కుర్చీలోంచి లేచి వచ్చి కళ్లద్దాలు పెట్టుకున్నాడు.

"అట్ల వరుస వెట్టకు. ఒకటో నంబరోని గేట్ పాస్ ఆపుతరు," అన్నాడు. వంటింట్లోకి పోయి స్టీలు పళ్లెం తెచ్చి కాగితం వెనకవైపు బోర్లించి, చుట్టూ పెన్నుతో గీయమన్నాడు. "గీత పొంటి సంతకాలు వెట్టున్రి. ఎవడు ముందు వెట్టిండో ఎవనికీ తెల్వది."

తమ్ముడు గీశాడు. పళ్లెం కొంచెం జరిగి గుండ్రం వంకరపోయింది. ఎంతమంది పడతారు పెద్దబాపూ అని అడిగితే, చిన్నగ పెడితే నలభై మంది అన్నాడు బాపు.